హేజెల్ డికెన్స్‌కు ఇంకెన్నాళ్లు ఎదురుచూపు? కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నిక సభ్యులకు బహిరంగ లేఖ

కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ పాలకమండలికి, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎవరికి చోటివ్వాలో ఓటుతో నిర్ణయించే సభ్యులకు, నాష్‌విల్‌లో మ్యూజియాన్ని నడుపుతున్న కంట్రీ మ్యూజిక్ ఫౌండేషన్ వారికి నమస్కారాలు.

ఓటు వేసేవారి పేర్లను మీరు బయటపెట్టరు. వారిపై ఎవరి ఒత్తిడీ ఉండకూడదన్న ఉద్దేశంతోనే ఆ పద్ధతి పెట్టుకున్నారని నేను అర్థం చేసుకోగలను. అయితే నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తెలియనప్పుడు సామాన్య శ్రోతలు తమ మాటను నలుగురి ఎదుట చెప్పడం తప్ప వేరే దారి ఉండదు. అందుకే ఈ బహిరంగ లేఖ.

1961లో జిమ్మీ రోజర్స్, ఫ్రెడ్ రోజ్, హ్యాంక్ విలియమ్స్‌లతో మీ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైంది. 2025లో టోనీ బ్రౌన్, జూన్ కార్టర్ క్యాష్, కెన్నీ చెస్నీల పేర్లు ప్రకటించారు. ఈ అరవై నాలుగేళ్ల జాబితాలో ఎక్కడా హేజెల్ డికెన్స్ పేరు లేదు. అమెరికా దక్షిణ ప్రాంతపు పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతంలోనూ, బాంజో, ఫిడేలు వంటి తీగ వాయిద్యాలతో సాగే దాని శాఖ బ్లూగ్రాస్‌లోనూ ఆడవాళ్లు ముందు నిలబడి పాడటానికి, తమ పాట తామే రాసుకోవడానికి దారి వేసిన తొలితరం మనిషి ఆమె. బొగ్గుగని కార్మికుల బతుకును పాటగా నిలబెట్టిన రచయిత్రి ఆమె. ఆమె పాటలు పాడినవారికీ, ఆమె రికార్డు విని పాడటం నేర్చుకున్నవారికీ మీ గోడ మీద ఫలకాలు ఉన్నాయి. ఆమెకు లేదు.

నేను సింగరేణి బొగ్గుబాయి కార్మికుల ఇంట పుట్టి, ఇప్పుడు మేరీలాండ్‌లో ఉంటున్న తెలుగు మహిళను. ఈ లేఖను తెలుగులో కూడా ప్రచురించడానికి కారణం ఉంది. ఇల్లెందు, కొత్తగూడెం, గోదావరిఖని వంటి చోట్ల పెరిగినవారికి గని మొగదల దగ్గర సైరన్ మోగితే ఇళ్లలోని ఆడవాళ్ల గుండెలు ఎలా జారిపోతాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. హేజెల్ డికెన్స్ పాటలు ఆ ఇళ్లకు కూడా చెందుతాయి. అయినా ఈ లేఖలో నేను మాట్లాడేది ఆమె గడ్డ గురించి, ఆమె మనుషుల గురించి, ఆమె చేసిన పని గురించి మాత్రమే.

ముందుగా వాస్తవాలు. ఇవన్నీ మీకు తెలిసినవే కావచ్చు. అయితే ఒక్కచోట చేర్చి చూసినప్పుడు జరిగిన లోపం ఎంత పెద్దదో తెలుస్తుంది.

హేజెల్ డికెన్స్ వెస్ట్ వర్జీనియాలోని మెర్సర్ కౌంటీ, మాంట్‌కామ్ ప్రాంతంలో పదకొండు మంది సంతానంలో ఎనిమిదో బిడ్డగా పుట్టారు. తండ్రి గనులకు కలప తోలేవారు. ప్రిమిటివ్ బాప్టిస్ట్ సంఘంలో బోధకుడు కూడా. ఆ సంఘం ప్రార్థనల్లో వాయిద్యాలు ఉండవు, గొంతు ఒక్కటే ఆధారం. ఇంట్లో మాత్రం ఆయన బాంజో వాయించేవారు, కుటుంబమంతా రేడియోలో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ సంగీత కార్యక్రమం వినేది. హేజెల్ గొంతులోని ఆ గట్టిదనం, నునుపు చేయని ఆ ఎత్తైన స్వరం ఈ రెండింటి నుంచీ వచ్చాయి. మరో మాటలో చెప్పాలంటే, కంట్రీ సంగీతం ఎక్కడ పుట్టిందని మీ మ్యూజియం చెబుతుందో సరిగ్గా అక్కడే ఆమె కూడా పుట్టారు.

గని పనులు తగ్గిపోయి కొండ ఊళ్లు ఖాళీ అవుతున్న రోజుల్లో, 1950ల తొలినాళ్లలో, వేలాది అపలాచియా కొండప్రాంత కుటుంబాలలాగే ఆమె కూడా బాల్టిమోర్ చేరి ఫ్యాక్టరీలలో, దుకాణాలలో పనిచేశారు. అక్కడి క్షయ ఆసుపత్రిలో ఆమె అన్నదమ్ములలో ఒకరు చికిత్స పొందుతుండగా, యుద్ధంలో పాల్గొనబోనని చెప్పి సైనిక సేవకు బదులు అదే ఆసుపత్రిలో పనిచేస్తున్న జానపద సంగీతకారుడు మైక్ సీగర్‌తో ఆ కుటుంబానికి పరిచయమైంది. ఆ పరిచయం ఆమెను బాల్టిమోర్, వాషింగ్టన్ చుట్టుపక్కల సంగీతకారుల మధ్యకు తీసుకెళ్లింది. బార్లలో, ఇళ్లలో కూడిన సంగీత సభల్లో పాడుతూ, బేస్ వాయిస్తూ ఆమె ఎదిగారు. అలా కలిసినవారిలోనే గాయని ఆలిస్ జెరార్డ్ ఒకరు.

1965లో ఫోక్‌వేస్ సంస్థ వీరిద్దరి మొదటి రికార్డును విడుదల చేసింది. బ్లూగ్రాస్ అంటే మగవాళ్ల జట్టు, మగవాళ్ల గొంతు అని స్థిరపడిపోయిన రోజులవి. ఆడవాళ్లు ఉంటే భర్త జట్టులోనో, అన్న జట్టులోనో ఒక పక్కన ఉండేవారు. అటువంటప్పుడు ఇద్దరు స్త్రీలు ముందు నిలబడి ప్రధాన స్వరమూ, పై స్వరమూ తామే పంచుకుని పాడితే, వారి వెనుక చబ్బీ వైజ్ ఫిడేలు, లామార్ గ్రియర్ బాంజో, డేవిడ్ గ్రిస్మన్ మాండలిన్ వాయించారు. చబ్బీ వైజ్ అంటే బ్లూగ్రాస్‌కు ఆద్యుడైన బిల్ మన్రో జట్టులో ఫిడేలు వాయించినవాడని మీకు నేను గుర్తుచేయనక్కర్లేదు. 1973లో రౌండర్ సంస్థ తెచ్చిన 'హేజెల్ అండ్ ఆలిస్' రికార్డుతో ఆమె రచయిత్రిగా కూడా నిలబడ్డారు. 1976లో ఆ జంట విడిపోయాక ఆమె ఒంటరిగా పాడుతూ 1980లలో రౌండర్ ద్వారానే సొంత ఆల్బములు వెలువరించారు.

ఆ 1973 రికార్డులోని ఒక్క పాట గురించి కొంచెం ఆగి చెప్పాలి. 'డోన్ట్ పుట్ హర్ డౌన్, యు హెల్ప్డ్ పుట్ హర్ దేర్' అన్నది దాని పేరు. బారులో కూర్చున్న ఒక స్త్రీని చూసి మగవాళ్లు హేళన చేస్తుంటే, ఆమెను ఆ స్థితికి తెచ్చినవారిలో మీరు లేరా అని పాట వారిని నిలదీస్తుంది. ఇలాంటి స్త్రీ మీద కంట్రీ సంగీతంలో అంతకు ముందే ఎన్నో పాటలు వచ్చాయి. చాలావాటిలో ఆమె మగవాడిని చెడగొట్టినదో, మగవాడు జాలిపడవలసినదో అయి ఉంటుంది. హేజెల్ చేసిన పని వేలు చూపే దిక్కును మార్చడం. తాను బార్లలో పాడుతూ కళ్లారా చూసిన లోకాన్ని ఆమె బయటివారి భాషలో కాక, కంట్రీ పాట బాణీలోనే, దాని సొంత పదాలలోనే తప్పుపట్టారు. ఈ పాటను మీరు ఏ పెట్టెలో పెట్టి 'ఇది మాది కాదు' అంటారో నాకు బోధపడదు.

ఇక గనుల విషయం. 1968 నవంబరు 20 తెల్లవారుజామున వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్టన్, మానింగ్టన్ ఊళ్ల నడుమ ఉన్న గనిలో పేలుడు జరిగినప్పుడు లోపల 99 మంది ఉన్నారు. 21 మంది బయటపడ్డారు, 78 మంది చనిపోయారు, వారిలో 19 మంది మృతదేహాలు ఏనాటికీ దొరకలేదు. హేజెల్ ఆ దుర్ఘటన మీద పాట రాశారు. తన అన్న థర్మన్ బొగ్గు దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోతే 'బ్లాక్ లంగ్' రాశారు. కార్మికుల సభల్లో ఆ పాటను ఏ వాయిద్యమూ లేకుండా, చిన్ననాటి ప్రార్థనాలయంలో పాడినట్టుగా, గొంతు ఒక్కటే పెట్టి పాడేవారు. కెంటకీలోని హార్లన్ కౌంటీ సమ్మెపై బార్బరా కాపుల్ తీసి, ఆస్కార్ అందుకున్న 1976 నాటి డాక్యుమెంటరీలో ఆమె గొంతు వినిపిస్తుంది. 1920ల నాటి గని సమ్మెపై జాన్ సేల్స్ 1987లో తీసిన 'మేట్‌వాన్' సినిమాలో ఆమె తెరమీద కూడా కనిపించి, సమాధి దగ్గర పాడతారు.

గుర్తింపులు రాలేదని కాదు. 1993లో ఇంటర్నేషనల్ బ్లూగ్రాస్ మ్యూజిక్ అసోసియేషన్ ఆమెను సత్కరించింది. 2001లో అమెరికా ప్రభుత్వ కళా సంస్థ నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చింది. 2007లో సొంత రాష్ట్రం తన సంగీత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది. 2011 ఏప్రిల్ 22న ఆమె వాషింగ్టన్‌లో కన్నుమూశారు. 2017లో బ్లూగ్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆలిస్ జెరార్డ్‌తో కలిపి ఆమెకు చోటిచ్చింది. జానపద కళల వారు గుర్తించారు, బ్లూగ్రాస్ వారు గుర్తించారు, పుట్టిన గడ్డ గుర్తించింది. తలుపు తెరవనిది నాష్‌విల్ ఒక్కటే.

ఈ మౌనం వల్ల ఎవరికి నష్టం? చనిపోయిన గాయనికి ఇక ఏ ఫలకమూ అక్కరలేదు. నష్టపోతున్నది బతికి ఉన్న మామూలు మనుషులు. ఆ సంగతులు ఇవి.

1. గని కుటుంబాల చరిత్ర సగమే కనిపిస్తోంది. బొగ్గు మీద గొప్ప పాటలు రాసిన మెర్ల్ ట్రావిస్‌ను మీరు 1977లో చేర్చుకున్నారు, గని కార్మికుడి బిడ్డ లొరెటా లిన్‌ను 1988లో చేర్చుకున్నారు. రెండూ న్యాయమైన నిర్ణయాలే. కానీ గనిలో దిగిన తమ్ముళ్లను, అన్నలను చూసి, వారి దగ్గు విని, వారి చావులకు కారణమైనవారిని ప్రశ్నిస్తూ రాసిన చెల్లెలి పాటకు అక్కడ చోటు లేకపోతే, సందర్శకులకు బొగ్గు ఒక పాత జ్ఞాపకంగా, కష్టంలోనూ తీపిగా గడిచిన బాల్యంగా మాత్రమే మిగులుతుంది. అది జ్ఞాపకం కాదు. 1968 నుంచి అమెరికాలో 76,000 మందికి పైగా గని కార్మికులు ఈ ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయారని అక్కడి కార్మిక శాఖే చెబుతోంది. కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియాలలో పాతికేళ్లకు పైగా పనిచేసినవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉన్నట్టు 2018లో ప్రభుత్వ పరిశోధకులు వెల్లడించారు. బొగ్గు పొరలు పలచబడటంతో రాయిని ఎక్కువగా కోయవలసి వస్తోంది, ఆ రాతి నుంచి వచ్చే సిలికా ధూళి బొగ్గు దుమ్ము కన్నా వేగంగా ఊపిరితిత్తులను తినేస్తోంది. ఆ ధూళి పరిమితిని ఘనమీటరు గాలికి 50 మైక్రోగ్రాములకు తగ్గిస్తూ 2024లో తెచ్చిన నిబంధన, బొగ్గు గనుల్లో అమలు కావలసిన 2025 ఏప్రిల్‌లోనే కోర్టు ఉత్తర్వుతో ఆగిపోయింది. ఆ గనులలో ఇప్పుడు పనిచేస్తున్న యువకులకు హేజెల్ రాసిన పాట పాతబడలేదు. గనుల భద్రత మీ చేతిలో లేదని నాకు తెలుసు. ఆ మనుషుల పాటను మీ గోడల మధ్య వినిపించడం మీ చేతిలోనే ఉంది.

2. పగలు ఉద్యోగం చేసి రాత్రి పాట రాసుకునే ఆడవాళ్లకు తప్పుడు సందేశం వెళ్తోంది. హేజెల్ జీవితంలో ఎక్కువకాలం వేరే ఉద్యోగం చేసుకుంటూనే పాడారు, రాశారు. 'వర్కింగ్ గర్ల్ బ్లూస్' అలాంటి బతుకులోంచి వచ్చిన పాట. రచయితల విభాగంలో మీరు మూడేళ్లకోసారి ఒకరిని ఎన్నుకుంటారు. 2011లో బాబీ బ్రాడక్, 2014లో హ్యాంక్ కాక్రన్, 2017లో డాన్ ష్లిట్జ్, 2020లో డీన్ డిల్లన్, 2023లో బాబ్ మెక్‌డిల్. అందరూ గొప్పవారే, ఒక్కరి అర్హతనూ నేను శంకించడం లేదు. కానీ ఐదుసార్లూ పురుషులే. బ్లూగ్రాస్ వైపు చూసినా బిల్ మన్రో, ఫ్లాట్ అండ్ స్క్రగ్స్, మ్యాక్ వైజ్‌మన్, రికీ స్కాగ్స్, కీత్ విట్లీ అంటూ సాగే ఆ వరుస అంతా మగవారిదే.

3. వలస వెళ్లినవారి చరిత్రకు ఆనవాలు దొరకడం లేదు. కొండ ఊళ్ల నుంచి బాల్టిమోర్ వంటి నగరాలకు వెళ్లినవారిని అక్కడివారు యాసను బట్టి, బట్టలను బట్టి చిన్నచూపు చూశారు. 'వెస్ట్ వర్జీనియా మై హోమ్' పాటలో హేజెల్ పాడింది ఆ మనుషుల దిగులునే. ఆ కుటుంబాల మనవలు నేడు మేరీలాండ్, ఒహాయో, మిషిగన్ అంతటా ఉన్నారు.

4. పాటను పాడినవారికి దక్కిన గౌరవం రాసినవారికి దక్కడం లేదు. డాలీ పార్టన్‌ను మీరు 1999లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. అదే ఏడాది ఆమె తెచ్చిన 'ద గ్రాస్ ఈజ్ బ్లూ' ఆల్బములో 'ఎ ఫ్యూ ఓల్డ్ మెమరీస్' పాడారు. ఆ పాట హేజెల్ డికెన్స్‌ది. 1996లో బ్లూగ్రాస్ వారి ఉత్తమ గీతంగా నిలిచి, లిన్ మోరిస్‌కు పేరు తెచ్చిన 'మామాస్ హ్యాండ్' కూడా హేజెల్‌దే. కంట్రీ గాయని నయోమీ జడ్, కూతురు వైనోనాతో కెంటకీలోని బెరియాలో ఉన్న రోజుల్లో హేజెల్, ఆలిస్‌ల రికార్డు ఒకటి చేతికి చిక్కితే, దానిని వింటూ తల్లీకూతుళ్లు కలిసి పాడటం సాధన చేశారు. ఆ జడ్ తల్లీకూతుళ్లు 2022లో మీ సభ్యులయ్యారు. ఇతరులపై చూపిన ప్రభావం మీ నియమావళిలో ఒక కొలమానం. ఈ సందర్భంలో ప్రభావానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మీ వైపు నుంచి రాగల అభ్యంతరాలు రెండు. మొదటిది, అమ్మకాలను, రేడియో ప్రసారాలను బట్టి పాటలకు వరుస ఇచ్చే చార్టులలో ఆమె పాటలు పైకి ఎక్కలేదన్నది. నిజమే, ఎక్కలేదు. సమ్మె శిబిరంలో, యూనియన్ హాలులో, అంత్యక్రియల్లో పాడే పాటను లెక్కపెట్టే చార్టు ఏదీ లేదు. కానీ ఆ చోట్ల పాట నిలబడటం రేడియోలో నిలబడటం కన్నా సులువేమీ కాదు. పని మానేసి, జీతం లేక, పిల్లలను వెంటబెట్టుకుని కూర్చున్న మనిషి తన మాట కాని పాటను ఒక్క పూట కూడా వినడు. అటువంటివారు దశాబ్దాల పాటు ఆమెను మళ్లీ మళ్లీ పిలిచి పాడించుకున్నారు.

రెండవది, ఆమెది జానపదం, ఉద్యమగీతం, కంట్రీ కాదన్నది. ఈ మాటను నేను ఒప్పుకోలేను. 'ఎ ఫ్యూ ఓల్డ్ మెమరీస్' విడిపోయిన ప్రేమ గురించిన అచ్చమైన కంట్రీ పాట, అందులో సమ్మె లేదు, గని లేదు. 'వోన్ట్ యు కమ్ అండ్ సింగ్ ఫర్ మీ' మరణం దగ్గరపడిన మనిషి తన ప్రార్థనాలయం వారిని వచ్చి పాడమని వేడుకునే పాట. బ్లూగ్రాస్ జట్లు దానిని తమ సొంత పాటలాగే పాడుకుంటున్నాయి. అదే కలం సమ్మె గురించీ రాసింది. తల్లి గురించి రాస్తే కంట్రీ, ఆ తల్లి బిడ్డ గనిలో చనిపోతే రాసినది ఉద్యమం అని విడదీయడం ఆ ప్రాంతంలో బతికినవారికి సాధ్యం కాదు.

చనిపోయి చాలా కాలమైందన్నది మీరు అభ్యంతరంగా చెప్పరని నమ్ముతున్నాను. 1989లో చనిపోయిన కీత్ విట్లీకి 2022లోనూ, 2003లో చనిపోయిన జూన్ కార్టర్ క్యాష్‌కు 2025లోనూ మీరే చోటిచ్చారు. ఆలస్యమైనా సరిదిద్దుకోగలమని మీరే చూపించారు.

కాబట్టి, సవినయంగా, స్పష్టంగా, కోరుతున్నవి ఇవి.

1. రచయితల విభాగానికి ఇకముందు జరిగే ఎన్నికలో హేజెల్ డికెన్స్ పేరును పరిశీలించాలి. ఆ విభాగంలో కుదరదని భావిస్తే పాతతరం కళాకారులకు ఉద్దేశించిన వెటరన్స్ విభాగంలో పరిశీలించాలి.

2. ఆలిస్ జెరార్డ్‌తో కలిపి జంటగా చేర్చే అవకాశాన్ని కూడా చర్చించాలి. ఆలిస్ 1934లో పుట్టారు, 2023లోనూ కొత్త ఆల్బము తెచ్చారు. ఇద్దరికీ కలిసి దక్కవలసిన గౌరవం కనీసం ఒకరైనా చేతులారా అందుకునేటట్టు జరగాలంటే ఆలస్యం చేయడానికి వీల్లేదు.

3. చార్టులలో స్థానం లేని రచయితల అర్హతను ఏ ప్రాతిపదికన తూస్తారో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ బహిరంగంగా చెప్పాలి. ఓటర్ల పేర్లు అడగడం లేదు, కొలమానం ఏమిటన్నది మాత్రమే అడుగుతున్నాను.

4. ఎన్నికతో సంబంధం లేకుండా, మ్యూజియంలో గని పాటలకు శాశ్వత ప్రదర్శన ఒకటి ఏర్పాటు చేయాలి. అందులో మెర్ల్ ట్రావిస్ పక్కన హేజెల్ డికెన్స్ ఉండాలి. 'బ్లాక్ లంగ్' పాటను సందర్శకులు పూర్తిగా వినే వీలుండాలి. ఆ జబ్బు నేటికీ ఎవరిని, ఏ ఊళ్లలో, ఎందువల్ల చంపుతోందో పక్కనే రాసి ఉండాలి.

5. ఇతరులు పాడిన ఆమె పాటలు మీ ప్రదర్శనలలో, కార్యక్రమాలలో ఎక్కడ వినిపించినా రచయిత్రిగా ఆమె పేరు తప్పక కనిపించాలి. దీనికి ఎవరి ఓటూ అవసరం లేదు. రేపటి నుంచే చేయవచ్చు.

ఈ లేఖకు మీ సమాధానం కూడా బహిరంగంగానే ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
సింగరేణి కార్మికుని కుమార్తె,
మేరీలాండ్